హబ్ మీద అరచెయ్యి, కాలెముక మీద బొటనవేలు

మా అక్క కొడుకుకు పందొమ్మిదేళ్లు. పోయిన చలికాలమంతా హనుమకొండ నయీంనగర్‌లో ముగ్గురు స్నేహితులతో కలిసి గది తీసుకుని ఆర్మీ భర్తీకి తయారయ్యాడు. జనవరి చివర్లో ఒక రాత్రి ఫోను చేసి, "మామా, కుడికాలు ముందు భాగంలో ఒకచోట పొడుస్తున్నట్టుంది. నాలుగు రోజులైనా తగ్గడం లేదు" అన్నాడు. తెల్లారగానే వెళ్లాను. గోడకు ఆనుకుని, కాలు చాపుకుని కూర్చున్నాడు. చాప పక్కన నొప్పి మాత్రల షీటు ఉంది. పది మాత్రల్లో ఎనిమిది అయిపోయాయి.

"ఎవరిచ్చారు ఇవి?"

"అకాడమీలో సార్ ఇచ్చారు మామా. రెండుసార్లు ఇంజక్షన్ కూడా వేయించారు. అది వేసుకున్న రోజు అసలు నొప్పే లేదు. ఆ రోజే 1.6 కిలోమీటర్ల పరుగు 5 నిమిషాల 38 సెకన్లలో వచ్చాను."

ఆ ముప్పై ఎనిమిది సెకన్ల మాట చెప్పేటప్పుడు వాడి ముఖం వెలిగింది. నాకు మాత్రం కడుపులో చెయ్యి పెట్టి కలిపినట్టయింది. వాడి కాలు నా ఒళ్లో పెట్టుకుని, మోకాలి కింద నుంచి మడమ వైపు ఎముక వెంట బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుకుంటూ వచ్చాను. పైన ఏమీ లేదు. మధ్యకు వచ్చాక కాస్త ముఖం చిట్లించాడు. ఇంకొంచెం కిందికి, సరిగ్గా రూపాయి బిళ్లంత చోట వేలు పడగానే కాలు వెనక్కి లాక్కున్నాడు. నొప్పి ఎముక పొడవునా పరుచుకుని ఉంటే విశ్రాంతితో సర్దుకునే అవకాశం ఎక్కువ. ఇలా ఒక్క చుక్కలో నిలబడి ఉంటే భయపడాలి. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఇలాంటివి మొదటి వారాల్లో ఎక్స్‌రేకు దొరకవు. ఎంఆర్ఐ తీయిస్తే ఎముకలో సన్నని చీలిక బయటపడింది. ఇంకో వారం అలాగే పరుగెత్తి ఉంటే ఎముక పూర్తిగా విరిగేదని డాక్టరు చెప్పారు.

నేను ఇరవై నాలుగేళ్లు ఆర్మీ సర్వీస్ కోర్ (ఏఎస్‌సీ), అంటే సైన్యానికి తిండి, ఇంధనం చేర్చే విభాగంలో డ్రైవరుగా పనిచేసి హవల్దారుగా ఇంటికి వచ్చినవాణ్ని. పరకాల దగ్గరి పల్లె మాది. 1996లో కాజీపేట స్టేషన్‌లో నల్ల రేకు పెట్టె పక్కన పెట్టుకుని రైలు కోసం కూర్చున్నప్పుడు నాకూ సరిగ్గా మా మేనల్లుడి వయసే. అందుకే ఈ వ్యాసం కోపంతోనే రాస్తున్నాను, దాచుకోను. కొత్త బండిని కాన్వాయ్‌లో చేర్చకముందే గేరుపెట్టె పగలగొడితే ఆ డ్రైవరును ఎవరూ క్షమించరు. మన పిల్లల కాళ్లను సైన్యం గేటు దాటకముందే పగలగొడుతున్నాం. దానికి శిక్షణ అని పేరు పెట్టి ఫీజు కూడా కడుతున్నాం.

బండ్ల సంగతి కొంచెం చెప్పాలి. శరీరం గురించి నాకు తెలిసిందంతా బండి దగ్గరే తెలిసింది.

బెంగళూరులో ఏఎస్‌సీ సెంటర్‌లో మేము రంగ్రూట్లుగా, అంటే కొత్త సిపాయిలుగా ఉన్నప్పుడు స్టీరింగ్ పట్టుకోనివ్వడానికి చాలా రోజుల ముందు నుంచే మాతో పరేడ్లు చేయించారు. ఇవి కవాతు పరేడ్లు కావు, బండి పరేడ్లు. పొద్దున బండి కదలకముందు చేసేది ఫస్ట్ పరేడ్. ఇంజన్ ఆయిల్, రేడియేటర్ నీళ్లు, బ్యాటరీ, ఫ్యాన్ బెల్టు, టైర్లలో గాలి, చక్రాల నట్లు చూడాలి. అన్నిటికన్నా ముందు వంగి బండి కింద నేల చూడాలి. రాత్రి నిలబెట్టిన చోట నూనె చుక్క పడి ఉంటే బండి తన జబ్బు తానే చెప్పినట్టు. దారిలో ఆగినప్పుడల్లా హాల్ట్ పరేడ్. సాయంత్రం తిరిగి వచ్చాక, ఒళ్లు ఎంత పులిసిపోయినా సరే, లాస్ట్ పరేడ్. అది ముగియకుండా లంగరుకు, అంటే వంటశాలకు పోయి రొట్టె ముట్టుకునే వీలు లేదు.

మాకు నేర్పిన ఉస్తాద్ హర్యానా మనిషి, పెద్దగా మాట్లాడేవాడు కాదు. హాల్ట్ పరేడ్‌లో ఒక్కొక్కరి మణికట్టు పట్టుకుని అరచేతిని చక్రం మధ్యలో హబ్ మీద అదిమిపెట్టేవాడు. చెయ్యి పెట్టి పది లెక్కపెట్టగలిగితే బండి ముందుకు పోవచ్చు. మూడు దగ్గరే చెయ్యి లాక్కుంటే లోపల బేరింగ్ అరిగిపోతున్నట్టు. కొందరు కుర్రవాళ్లు మాట పడాల్సి వస్తుందని పళ్లు బిగించి పది వరకూ చెయ్యి ఉంచేవాళ్లు. ఆయన ఆ చేతిని తిప్పి, ఎర్రబడిన అరచెయ్యి చూసి, అందరిముందూ తిట్టేవాడు. వేడి భరించడం ఇక్కడ గొప్ప కాదనీ, వేడి ఉందని చెప్పడమే నీ పని అనీ ఆయన మాటల సారం. మాత్ర మింగి, ఇంజక్షన్ వేయించుకుని 5:38 తెచ్చుకున్న మా వాణ్ని చూసినప్పుడు నాకు ఆ ఎర్రబడిన అరచేతులే గుర్తొచ్చాయి.

నేను చేరిన కొత్తలో శక్తిమాన్ లారీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. జర్మనీ మాన్ కంపెనీ నమూనాతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైన బండి అది. చలి ప్రాంతంలో రాత్రి రేడియేటర్ నీళ్లు వదిలేయాలి, పొద్దున వేడి నీళ్లు పోసి లేపాలి. మరిచిపోతే నీళ్లు గడ్డకట్టి ఇంజన్ బ్లాకు పగిలేది. తర్వాత అశోక్ లేలాండ్ స్టాలియన్ వచ్చింది. మంచి రోడ్డు మీద ఏడున్నర టన్నులు, దారి లేని నేల మీద అయిదు టన్నులు మోస్తుంది. ఈ రెండంకెల తేడా ఎందుకో తెలియని డ్రైవరు చేతికి బండి ఇవ్వరు. అదే ఇంజను, అవే చక్రాలు, కానీ నేల మారితే మోయాల్సిన బరువు మారాలి. మట్టి మైదానంలో అలవాటైన పరుగును ఒక్కసారిగా హంటర్ రోడ్డు తారు మీదికి మార్చి, దూరం కూడా పెంచేవాళ్లకు ఈ లెక్క ఎవరైనా చెప్పారా?

ఊళ్లో చాలామంది నన్ను అడిగిన ప్రశ్న ఒకటుంది: "నువ్వు లారీ నడిపావు కదా, నీకు పరుగులతో ఏం పని?" సైన్యంలో బండ్లు పెరిగేకొద్దీ ఒంటికి పని తగ్గుతుందని వాళ్ల ఊహ. నా అనుభవం దీనికి పూర్తిగా ఎదురు.

2004 సెప్టెంబరులో కార్గిల్ నుంచి లేహ్ వెళ్తున్న కాన్వాయ్‌లో ఉన్నాను. శీతాకాలంలో జోజిలా కనుమ మూసుకుపోతుంది కాబట్టి ఆలోపే లద్దాఖ్‌కు పిండి, పప్పు, కిరోసిన్, డీజిల్ చేర్చాలి. ఆ నెలల్లో మాకు పగలూ రాత్రీ తేడా ఉండదు. ఫోటులా కనుమ ఎక్కుతుండగా నా బండి వెనక టైరు పోయింది. ఆ కనుమ ఎత్తు 13,478 అడుగులు. సముద్రమట్టం దగ్గర మనకు అందే ఆక్సిజన్‌లో అక్కడ అరవై శాతం చుట్టుపక్కల మాత్రమే అందుతుంది. స్టాలియన్ చక్రం రిమ్ముతో కలిపి దాదాపు క్వింటాలు. ఎనుమాముల మార్కెట్లో హమాలీలు మోసే మిర్చి బస్తాలు రెండిటిని కలిపి ఊహించుకోండి.

నాతో ఉన్న కో-డ్రైవరు యూనిట్‌లో అందరికన్నా కండగలవాడు. ఛాతీ తలుపంత. సెలవు నుంచి వచ్చి ఎంతో కాలం కాలేదు. జాకీ ఎక్కించి, పానా అందుకుని ఊపుగా రెండు నట్లు తిప్పాడు. మూడోదాని దగ్గర ఆగాడు. పెదవులు నీలంగా మారాయి, మాట తడబడింది. వాణ్ని క్యాబిన్‌లో కూర్చోబెట్టి నేను మొదలుపెట్టాను. నాకూ గుండె గొంతులోకి వచ్చింది. వెనక బండి ఆపి ఒక నాయక్ దిగాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, ఎండిన చింతబరికెలా ఉంటాడు. నేను చూసిన ఏ పరుగులోనూ ఆయన ముందు వచ్చింది లేదు. పానా తీసుకుని అయిదుసార్లు తిప్పాడు, ఆగాడు, మూడు ఊపిర్లు తీశాడు. మళ్లీ అయిదు, మళ్లీ ఆగడం. ఒక్కసారీ ఆ లెక్క తప్పలేదు. చక్రాన్ని ఎత్తలేదు, నేల మీద కడ్డీతో నెట్టి దొర్లించాడు. నలభై నిమిషాల్లో బండి కదిలింది. ఆ తర్వాత ఆయన తన బండి ఎక్కి, మామీద నుంచి మంచు కొండల వైపు చూస్తూ, ఏమీ జరగనట్టు ఇంకో ఆరు గంటలు నడిపాడు.

ఆ రోజు నుంచి దృఢత్వం అనే మాటకు నాకు అర్థం మారింది. పన్నెండు గంటలు స్టీరింగ్ పట్టుకున్నాక, నిద్ర చాలనప్పుడు, గాలి చాలనప్పుడు, మనిషి తల చెదరకుండా ఇంకా ఎంత పని చేయగలడన్నదే నేను చూసే కొలత. సైన్యం కూడా ఆ సంగతి ఎరిగే నడుచుకుంటుంది. 9,000 అడుగులు దాటి ఎత్తుకు పోయే ప్రతి సైనికుడూ మొదటి మెట్టులో ఆరు రోజులు గడపాలి. అందులో మొదటి రెండు రోజులు విశ్రాంతే, తర్వాత నెమ్మదిగా నడక. 12,000 దాటితే ఇంకో నాలుగు రోజులు, 15,000 దాటితే మరో నాలుగు. ఎంతటి పరుగువీరుడైనా, ఎంత పెద్ద అధికారైనా ఈ మెట్లు దాటవేయడానికి లేదు. ఊపిరికి ఇన్ని రోజుల గడువు ఇస్తున్న చోట ఎముకకు గడువు ఇవ్వని అకాడమీ ఏ సైన్యానికి తయారు చేస్తున్నట్టు?

సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని కర్మాగారంలో సైనికులను మోసే కవచ వాహనం బీఎంపీ-2 తయారవుతుంది. సైన్యంలో దానికి 'శరత్' అని పేరు. గొలుసు చక్రాల మీద నడుస్తుంది, నీళ్లలో ఈదుతుంది, 30 మిల్లీమీటర్ల ఫిరంగి ఉంటుంది. నడిపించే సిబ్బంది ముగ్గురు, వెనక కూర్చునే సైనికులు ఏడుగురు. నేను దానిని నడపలేదు గానీ ఒకసారి సైనిక విన్యాసాల్లో వెనక భాగంలో కూర్చుని ప్రయాణించాను. మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. కప్పు నెత్తికి ఆనుతుంది. గంటన్నర అలా కుదుపుల్లో ముడుచుకుని కూర్చున్నాక వెనక తలుపులు తెరుచుకుంటాయి. ఆ క్షణమే తుపాకీతో, వీపు బరువుతో దూకి పరుగెత్తాలి. తిమ్మిరెక్కిన కాలు సర్దుకునేదాకా శత్రువు ఆగడు. మన తెలంగాణ నేల మీద తయారైన ఆ బండి అంత చేసినా చివరి రెండు వందల గజాలు మనిషి కాళ్లకే వదిలేస్తుంది.

2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఏం జరిగిందో మన సూర్యాపేట మరిచిపోదు. దాదాపు 14,000 అడుగుల ఎత్తున, గడ్డకట్టే నది ఒడ్డున, చైనా సైనికులతో, తుపాకులు పేల్చకుండా కర్రలతో, రాళ్లతో, చేతులతో గంటల తరబడి పోరాటం సాగింది. బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌కు నాయకత్వం వహించిన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుతో కలిపి ఇరవై మంది మనవాళ్లు ప్రాణాలిచ్చారు. రెండు వైపులా అణ్వాయుధాలున్నాయి, ఉపగ్రహాలున్నాయి, ట్యాంకులున్నాయి. ఆ చీకట్లో మాత్రం మనిషికి తోడున్నవి అతని ఊపిరితిత్తులు, నడుము, పిడికిలి. ఆ రాత్రి గురించి ఆలోచించినప్పుడల్లా నా గొంతు పట్టుకుంటుంది, ఇంతకన్నా రాయలేను.

ఇక పరుగు పరీక్ష సంగతి. సైన్యంలోకి నాలుగేళ్లకు తీసుకునే అగ్నివీర్ల భర్తీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే 60 మార్కులు. పది పుల్-అప్‌లు తీస్తే 40. తొమ్మిది అడుగుల గుంత దూకాలి, వంకర దూలం మీద తూలకుండా నడవాలి. మన ప్రాంతం వాళ్లకు 166 సెంటీమీటర్ల ఎత్తు, 77 సెంటీమీటర్ల ఛాతీ, గాలి పీలిస్తే మరో 5 సెంటీమీటర్ల పెరుగుదల. 2023 నుంచి రాతపరీక్ష ముందుకు వచ్చింది, గట్టెక్కినవాళ్లే మైదానానికి పోతారు. ఈ పరీక్ష మీద నాకు ఫిర్యాదు లేదు. వేలమందిలోంచి కొందరిని ఒక పూటలో ఏరాలంటే ఏదో ఒక జల్లెడ పట్టాలి. ఈ జల్లెడ గుండెనూ కాళ్లనూ బాగానే పట్టి చూపిస్తుంది. కానీ లోపలికి పోయాక ఏముంటుందో మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. మా రోజుల్లో తుపాకీ, సామానుతో 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. ముప్పై లోపు వాళ్లు 25 నిమిషాల్లో వస్తేనే అత్యుత్తమం అనేవాళ్లు. తాడు ఎక్కాలి, గుంత దూకాలి. వంటవాడికీ, గుమాస్తాకూ, నాలాంటి డ్రైవరుకూ తప్పేది కాదు. సర్వీసు ఉన్నన్నాళ్లూ, వయసును బట్టి సడలిస్తూ, ఆ పరీక్షలు వెంట వస్తూనే ఉంటాయి. అగ్నివీర్లకైతే నాలుగేళ్ల చివర నిలబెట్టుకునేది నూటికి ఇరవై అయిదు మంది వరకే. అక్కడ కాలు లాగినవాడు వెనక్కి రావాల్సిందే. 5:30 తెచ్చుకోవడానికి ఎముకను తాకట్టు పెట్టినవాడు ఆ అప్పు శిక్షణ కేంద్రంలో మొదటి రెండు నెలల్లోనే తీర్చాల్సి వస్తుంది.

సైన్యాలకు ఈ దెబ్బ కొత్తది కాదు. 1855లోనే ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్, సుదీర్ఘ కవాతుల తర్వాత సైనికుల పాదాలు వాచి నొప్పి పెట్టడం గురించి రాశాడు. అప్పటికి ఎక్స్‌రే లేదు. అది పాదం ఎముకల్లో చీలిక అని తర్వాత తేలింది. కవాతు వల్ల ఎముక విరగడం అనే అర్థంలో నేటికీ వైద్యులు దాన్ని మార్చ్ ఫ్రాక్చర్ అంటారు. జరిగేది ఇది. కొత్తగా పరుగు మొదలుపెడితే గుండె, ఊపిరి, కండరాలు కొన్ని వారాల్లోనే మెరుగుపడతాయి. కుర్రవాడికి ఒంట్లో కొత్త ఇంజను పెట్టినట్టు ఉంటుంది. ఎముక మాత్రం నెలలు తీసుకుంటుంది. పైగా అది బలపడే పద్ధతి వేరు. పాత ఎముకను కొంత తవ్వి తీసేసి, ఆ చోట కొత్తది కడుతుంది. తవ్వడం ముందు, కట్టడం తర్వాత. ఆ మధ్యలో కొన్ని వారాలు ఎముక మునుపటికన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే కుర్రవాడికి ఊపు వచ్చి దూరం పెంచుతాడు. రోడ్డు తవ్విపోసి ఇంకా తారు వేయకముందే దాని మీద నిండు లారీలు వదిలితే ఏమవుతుందో, కాలిలోనూ అదే అవుతుంది.

దాని మీద నొప్పి మాత్ర వేస్తే, హెచ్చరించే దీపం తీగ తెంపినట్టే. అంతటితో పోదు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఈ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మార్చి దాటాక మన ఎండ ఎలా ఉంటుందో రామగుండం, భూపాలపల్లి వాళ్లకు నేను చెప్పాలా? బరువు తగ్గడానికి రెయిన్‌కోటు తొడుక్కుని పరుగెత్తే పిల్లలను ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నా కళ్లతో చూశాను. ఒంట్లో వేడి బయటికి పోయే దారి మూసి పరుగెత్తడం ప్రాణాలతో చెలగాటం. తగ్గేది నీళ్ల బరువే. సాయంత్రానికి చెంబు నీళ్లతో తిరిగి వచ్చేస్తుంది.

నా మాటకు ఎదురు మాట కూడా ఉంది. అది తేలికైనది కాదు. మేనల్లుణ్ని ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు సాయంత్రం మా అక్క అంది: "తమ్ముడూ, నీకేం, నువ్వు చేరినప్పుడు ఇన్ని గొడవలున్నాయా? వాడికి వయసు గడువు దాటితే గేటు దగ్గరికి కూడా రానివ్వరట. ఈ ఏడాది పోతే ఇంకెన్ని ఏళ్లున్నాయి? నెమ్మదిగా, నెలల తరబడి అని నువ్వంటావు. గది కిరాయి, మెస్సు ఖర్చు నెలల తరబడి ఎవరు కడతారు?" నా దగ్గర చటుక్కున జవాబు లేదు. రెండెకరాల పత్తి మీద బతికే ఇల్లు. నర్సంపేట నుంచి, ములుగు నుంచి, మహబూబాబాద్ తండాల నుంచి వచ్చి హనుమకొండలో గదుల్లో ఉంటున్న పిల్లల్లో చాలామంది ఇళ్లు ఇలాంటివే. సైన్యం రాకపోతే కానిస్టేబుల్ అనుకుంటారు. అక్కడ 1,600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇస్తారు గానీ దానికీ ఇదే హడావిడి. తొందర వాళ్ల తప్పు కాదు. తలుపు మూసుకుపోతుందన్న భయం అది.

అయినా ఆ భయాన్నే పట్టుకుని లెక్క వేద్దాం అక్కా, అన్నాను. చీలిన ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. తర్వాత మళ్లీ పరుగు మొదటి నుంచి. స్కానింగుకు, మందులకు డబ్బు. పోయిన నెల గది కిరాయి ఎటూ వృథా. ఇదంతా కలిపితే, మొదటి రోజు నుంచే వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ వచ్చి ఉంటే పట్టే కాలం కన్నా ఎక్కువే. గడువు తక్కువగా ఉన్నవాడే బండిని ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి. కాన్వాయ్‌లో ఆలస్యం ఎప్పుడూ నెమ్మదిగా పోయే బండి వల్ల రాదు, దారి మధ్యలో ఆగిపోయిన బండి వల్ల వస్తుంది. అక్క ఒప్పుకుందని చెప్పను. విని ఊరుకుంది.

నాకు ఈ విషయంలో ఇంత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి. నేనూ అబద్ధమాడినవాణ్నే. 2011లో నడుము నొప్పి మొదలైంది. లారీ డ్రైవర్లకు అది మామూలు. గంటల తరబడి కూర్చోవడం, కింది నుంచి కుదుపు, దిగగానే బరువులెత్తడం. హవల్దారు పదోన్నతికి కోర్సు ఉంది. డాక్టరు దగ్గరికి పోతే వైద్య కేటగిరీ తగ్గిస్తారని దాచాను. సైన్యంలో మనిషి ఆరోగ్యాన్ని షేప్ అనే అయిదక్షరాల కొలతతో చూస్తారు: మనసు, వినికిడి, కాళ్లూచేతులు, ఒంటి సత్తువ, చూపు. అన్నిట్లో ఒకటి ఉంటే షేప్-వన్, పూర్తి యోగ్యుడు. ఆ 'వన్' పోతుందన్న భయంతో ఏడు నెలలు మాత్రలు మింగాను. బండికి రోజూ మూడు పరేడ్లు చేసి, చుక్క నూనె కారితే రిపోర్టు రాసిన నేను నా వెన్నుపూస గురించి ఒక్క మాట పైకి చెప్పలేదు. చివరికి ఒక పొద్దున బూట్ల తాడు కట్టుకోవడానికి వంగి లేవలేకపోయాను. రెండేళ్లు కింది కేటగిరీలో ఉన్నాను. ఆ కోర్సు అప్పటికి పోయింది, మళ్లీ రెండేళ్లు ఆలస్యంగా వచ్చింది. మొదటి నెలలోనే చెప్పి ఉంటే ఆరు వారాల వ్యాయామ చికిత్సతో పోయేదని ఆసుపత్రిలో అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. చెడిపోయిన బండిని దాచి కాన్వాయ్‌లో పెట్టడం సైన్యంలో నేరం. అదే పని మన ఒంటితో చేస్తే మగతనం అనుకుంటాం.

కాకతీయుల కాలంలో గణపతిదేవుడి గజసాహిణి, అంటే ఏనుగుల దళానికి అధిపతి, జాయప సేనాని. నృత్యశాస్త్రం మీద పెద్ద గ్రంథం రాసినవాడూ ఆయనే. చిన్నప్పుడు బళ్లో ఇది విని వింతగా అనుకున్నాను, ఏనుగులేమిటి, నాట్యమేమిటి అని. ఇప్పుడు వింతగా లేదు. ఆ కాలపు ట్యాంకు లాంటి జంతువును నడిపించిన మనిషికి బరువు ఏ కాలి మీద పడుతుందో, అడుగు ఎక్కడ తప్పుతుందో రోజూ చూడక తప్పి ఉండదు. శరీరాన్ని అంత దగ్గరగా చూడటం ఆయన సేనాపత్యంలో భాగమే అయి ఉంటుందని నా నమ్మకం.

ఆయన రాజుల కోట ఇప్పటికీ మనకు మేలు చేస్తోంది. ఓరుగల్లు కోటకు రాతి గోడ బయట మట్టికోట ఉంది కదా. దాని మీది బాట, దాని పక్కన నేల పరుగుకు ఎంత మంచివో పరుగెత్తి చూస్తే తెలుస్తుంది. చెరువు కట్టల పక్కన సిమెంటు వేయని చోట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. తెల్లవారుజామున నన్ను పలకరించే పిల్లలకు నేను మొదట చెప్పేది ఆ మట్టిని వెతుక్కోమని. వారానికి రెండు రోజులు పరుగు మానేసి ఈత కొట్టమనో సైకిలు తొక్కమనో చెబుతాను. వాడని బండి కూడా పాడైపోతుంది, టైరు ఒకవైపు నొక్కుకుపోతుంది, బ్యాటరీ చస్తుంది. అందుకే యూనిట్‌లో నిలబెట్టిన బండ్లను కూడా వారానికోసారి స్టార్ట్ చేసి కదిలిస్తాం. విశ్రాంతి అంటే పడుకోవడమని నేను అనడం లేదు. జొన్నరొట్టె, పప్పు, రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు, ఏడెనిమిది గంటల నిద్ర. ప్రోటీన్ డబ్బాకు పెట్టే డబ్బు బూట్లకు పెట్టమంటాను. అడుగున రబ్బరు అరిగి ఒకవైపు ఒరిగిన బూటుతో పరుగెత్తడం, అలైన్‌మెంట్ పోయిన బండిని తోలడం ఒకటే. రోజూ రాత్రి పడుకునే ముందు రెండు కాళ్ల ఎముకల వెంట బొటనవేలు నడిపించమంటాను. అది వాళ్ల లాస్ట్ పరేడ్. కొందరు నవ్వుతారు. మామునూరు వైపు నుంచి సైకిలు మీద వచ్చే ఒకడు మాత్రం పోయిన వారం తనంతట తానే ఆగి, "అంకుల్, ఎడమకాలు ఒకచోట తేడాగా ఉంది, చూస్తారా" అన్నాడు. చూశాను. నొప్పి పరుచుకుని ఉంది, చుక్కలో లేదు. రెండు వారాలు తారు ముట్టుకోవద్దన్నాను.

ఇక మా మేనల్లుడు. వాడికి నేను ఒక పొడవాటి నోటు పుస్తకం కొనిచ్చాను. బండికి ఎలాగైతే కార్ డైరీ రాస్తామో, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎప్పుడు ఆయిల్ మారింది, ఏం చెడింది అని, అలాగే వాడి ఒంటికి వాడే రాసుకోవాలి. మొదట్లో చికాకు పడ్డాడు. ఇప్పుడు చెప్పకుండానే రాస్తున్నాడు. నిన్న సాయంత్రం వాడు స్నానానికి వెళ్లినప్పుడు తెరిచి చూశాను. నలభై నాలుగో రోజు పేజీ. వంకర టింకర అక్షరాలు.

"నిద్ర 8 గంటలు. నడక 4 కిలోమీటర్లు, మట్టికోట మీద. పరుగు లేదు. మాత్రలు లేవు. కుడికాలు: గట్టిగా నొక్కాను. నొప్పి ఉంది, కొంచెమే. దాచలేదు."